ఒకే కాలం, రెండు వంటిళ్ళు: 1870–1900 మధ్య అమెరికాలో ఎవరేం తిన్నారు?

గోదారిగట్టు (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి రెండు నెలలైంది. పోయిన శనివారం వాళ్ళకి రోడ్ ఐలండ్ రాష్ట్రం న్యూపోర్టులో బ్రేకర్స్ భవనం చూపించాను. రైళ్ళ మీద సంపాదించిన వాండర్‌బిల్ట్ కుటుంబం 1895లో పూర్తి చేసుకున్న వేసవి విడిది అది. 70 గదులు. భోజనాల గదిలో తల ఎత్తి చూస్తే పైకప్పు రెండంతస్తుల ఎత్తున ఉంది. అమ్మ మాత్రం ఎక్కువసేపు వంటింట్లోనే నిలబడింది. పొడవాటి ఇనప పొయ్యి, వరసగా వేలాడే రాగి గిన్నెలు. అంతకుముందు అక్కడున్న ఇల్లు 1892లో తగలబడింది. అందుకే ఈసారి వంటిల్లు విడిగా ఒక పక్కకి కట్టించారట. "ఇక్కడ వండింది అక్కడికి చేరేలోగా ఎంతమంది చేతులు మారాలే!" అంది అమ్మ.

మర్నాడు మాన్‌హట్టన్‌లో 97 ఆర్చర్డ్ స్ట్రీట్ మ్యూజియంకి వెళ్ళాం. 1863లో కట్టిన అద్దె వాటాల ఇల్లు. ఒక్కో వాటా 325 చదరపు అడుగులు, మూడు గదులు. నడిమి గది వంటిల్లు, దానికి సరైన కిటికీ లేదు. నీళ్ళు కింద పెరట్లోంచి మోసుకు రావాలి. 1935 వరకు ఆ ఒక్క ఇంట్లో దాదాపు 7,000 మంది కాపురం ఉన్నారట.

రెండూ రెండు రోజుల్లో చూసేసరికి మనసు ఒకచోట ఆగలేదు. ఆ రోజుల్లో ఈ రెండు ఇళ్ళవాళ్ళూ ఏం తిన్నారు? తేడా ఎక్కువ తక్కువల్లోనేనా, ఇంకేమైనా ఉందా? తెలిసినవాళ్ళు రాయండి, అమ్మకి చదివి వినిపిస్తాను.

---

పాతకాగితం (హైదరాబాద్)

మంచి ప్రశ్న వేశారు. నేను పై అంతస్తు నుంచి మొదలుపెడతాను.

న్యూయార్క్ ధనవంతుల భోజనం గురించి మాట్లాడితే డెల్మోనికోస్ పేరు రాక తప్పదు. స్విట్జర్లాండు నుంచి వచ్చిన అన్నదమ్ములు 1827లో చిన్న మిఠాయి కొట్టుగా మొదలుపెట్టారు. 1862 నుంచి 1890ల దాకా దాని వంటశాలని నడిపింది చార్లెస్ రాన్‌హోఫర్ అనే ఫ్రెంచి వంటమాస్టరు. మెనూ ఫ్రెంచిలో ఉండేది. చదవగలిగినవాడు ఒక తరగతి, చదవలేనివాడు ఇంకో తరగతి. డబ్బు ఒక్కటే చాలదన్నమాట, ఆ చదువు కూడా ఉండాలి.

వడ్డన పద్ధతి కూడా అప్పుడే మారింది. అంతకుముందు పదార్థాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచి ఇంటి యజమాని మాంసం కోసి పెట్టేవాడు, మన బంతి భోజనంలాగే అన్నీ కంటికి కనబడేవి. 1870ల తర్వాత పెద్ద ఇళ్ళలో రష్యన్ పద్ధతి స్థిరపడింది. ఒకటి తిన్నాక ఒకటి, ఒక్కోదానికి వేరే పళ్ళెం, వేరే ఫోర్కు, వేరే గ్లాసు. దీనివల్ల బల్ల మీద తిండి మాయమై పువ్వులూ వెండీ వచ్చాయి. వడ్డించడానికి పనివాళ్ళు రెట్టింపు కావాలి. అది లేనివాడు ఆ పద్ధతిలో ఒక్క పూట కూడా అతిథుల్ని పిలవలేడు. అమ్మగారు "ఎంతమంది చేతులు" అన్నారే, ఆ చేతుల్ని చూపించడమే ఆ విందుల అసలు పని.

1873లో ఎడ్వర్డ్ లక్‌మేయర్ అనే దిగుమతి వ్యాపారి డెల్మోనికోస్‌లో 72 మందికి విందిచ్చాడు. బల్ల మధ్యలో 30 అడుగుల చెరువు కట్టించి అందులో బతికున్న హంసల్ని వదిలాడు. ఖర్చు 10,000 డాలర్లు. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాంకులు కూలి ఆర్థిక సంక్షోభం మొదలైంది. కూలివాడికి రోజుకి ఒకటి, ఒకటిన్నర డాలరు దొరికే కాలం అది.

---

చీరాల_చిన్నోడు (సియాటిల్)

మాష్టారూ, ఒకటి విన్నాను. లాబ్‌స్టర్ అప్పట్లో పేదల తిండి అని, వారానికి ఇన్నిసార్లకి మించి పెట్టకూడదని న్యూ ఇంగ్లండు (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) పనివాళ్ళు ఒప్పందాల్లో రాయించుకునేవారని. మాది సముద్రం పక్క ఊరు, వలలో పడ్డ చేపలో మేలైనది అమ్మకానికి పోయి ముళ్ళ చేప ఇంట్లో మిగలడం చూస్తూ పెరిగాను. అందుకే ఆ కథ మనసుకి పట్టుకుంది.

---

పాతకాగితం

చిన్నోడు గారూ, మొదటి సగం నిజం. మొదట్లో తీరాన లాబ్‌స్టర్ చవక, దానికి గౌరవం లేదు. రైళ్ళూ, డబ్బా పరిశ్రమా, వేసవికి సముద్రతీరానికొచ్చే డబ్బున్నవాళ్ళూ కలిసి ఈ కాలంలోనే దాన్ని పైకి తీసుకెళ్ళారు. ఒప్పందాల మాట మాత్రం వదిలేయండి. చరిత్రకారులు వెతికారు, అలాంటి కాగితం ఒక్కటీ దొరకలేదు.

ఇలా తరగతి మారిన తిండి ఇంకా ఉంది. చెసపీక్ తీరంలో ఒకప్పుడు బానిసలకి పెట్టిన టెరాపిన్ తాబేలు, ఈ కాలానికి పెద్ద విందుల్లో కాన్వాస్‌బ్యాక్ బాతు పక్కన చేరింది. సెలరీ కాడలు పండించడం కష్టం కాబట్టి వాటిని గాజు కూజాలో పువ్వుల్లా నిలబెట్టి బల్ల మధ్యలో పెట్టేవారు. ఆల్చిప్పలు (ఆయిస్టర్లు) ఒక్కటే రెండువైపులా ఉన్నాయి. విందు మొదట్లో వడ్డించేదీ అవే, వీధి బండి మీద నిలబడి తినేదీ అవే.

---

వంటింటి_వసంత (విజయవాడ)

జెల్లీ కూడా చేర్చండి మాష్టారూ. పొట్లంలో పొడి దొరకక ముందు దూడ కాళ్ళు గంటల తరబడి ఉడికించి, వడకట్టి, తేర్చి, మంచు మీద గట్టిపరచాలి. నిగనిగలాడే జెల్లీ బల్ల మీదకొచ్చిందంటే లోపల ఒక మనిషి రోజంతా నిలబడిందని లెక్క. 1890లలో జెలటిన్ పొడి, 1897లో జెల్-ఓ వచ్చాక ఎవరైనా చేసుకోగలిగారు. దాంతో పాత గొప్ప పోయింది. అప్పటి ఇళ్ళలో వంటకి నిలబడ్డది చాలాచోట్ల ఐర్లండు నుంచి వచ్చిన ఆడపిల్లలు. వాళ్ళ అసలు పేరేదైనా యజమానులకి అందరూ "బ్రిజెట్"లే.

---

గోదారిగట్టు

వసంత గారూ, ఆ పేరు సంగతి అమ్మకి చదివితే చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు రెండో ఇంటి సంగతి చెప్పండి ఎవరైనా.

97 ఆర్చర్డ్ స్ట్రీట్ కింది భాగంలో 1864 నుంచి 1886 దాకా ఒక జర్మన్ దంపతులు నడిపిన సెలూన్ ఉంది. మ్యూజియం వాళ్ళు మళ్ళీ అలాగే తీర్చిదిద్దారు. (మన ఊళ్ళలో సెలూన్ అంటే క్షవరం చేసే చోటు కదా, నాన్న కుర్చీలూ అద్దాలూ ఉంటాయనుకున్నారు. అక్కడ అది బీరు దుకాణం.) బల్ల మీద రొట్టె, జున్ను, ఊరబెట్టిన క్యాబేజీ, సాసేజీలు పెట్టి ఉన్నాయి. బీరు కొంటే తిండి ఊరికేనట. నిజంగా ఊరికే పెట్టేవారా?

---

మిల్వాకీ_మురళి

పెట్టేవారండీ. దానికి "ఫ్రీ లంచ్" అని పేరు. 5 సెంట్ల బీరుకి హామ్, రై రొట్టె, ఊరగాయలు, ఉప్పు చేప. అన్నీ ఉప్పుగా ఉండటం వెనక కారణం ఉంది, ఉప్పు తింటే దాహం వేస్తుంది, ఇంకో బీరు అమ్ముడవుతుంది. తరచు బీరు కంపెనీలే ఈ దుకాణాలకి పెట్టుబడి పెట్టేవి. అయినా ఇంటికి దూరంగా పనిచేసే ఒంటరి మగవాడికి అంత తక్కువలో కడుపు నిండే చోటు ఇంకోటి లేదు.

ఆడవాళ్ళకి ముందు గుమ్మం కాదు, పక్క తలుపు. పిల్లల చేతికి చిన్న బకెట్ ఇచ్చి తండ్రికి బీరు తెప్పించేవారు. జేకబ్ రీస్ అనే పత్రికా రచయిత 1890 ప్రాంతంలో ఇలాంటి పిల్లల గురించే కోపంగా రాశాడు.

ఇంటి నుంచి తెచ్చుకునే భోజనం రేకు క్యారేజీలో. గని పనివాళ్ళ క్యారేజీకి అడుగు అరలో నీళ్ళో టీయో, పై అరలో రొట్టె. 1900 ఎన్నికల్లో మెకిన్లీ పక్షం "నిండు క్యారేజీ" అన్న మాట పట్టుకునే ఓట్లడిగింది. ఒక దేశాధ్యక్షుడి ఎన్నిక కూలివాడి అన్నం క్యారేజీ చుట్టూ తిరిగిందని చదివినప్పుడు, సింగరేణిలో పనిచేసిన మా తాతయ్య క్యారేజీ కళ్ళముందుకొచ్చింది.

---

వెన్నెల_బోస్టన్

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పేదవాళ్ళంటే మాంసం దొరకనివాళ్ళు అనుకుంటే అమెరికా విషయంలో పొరపాటు. వలస వచ్చినవాళ్ళు సొంత ఊళ్ళకి రాసిన ఉత్తరాల్లో ఆశ్చర్యంగా చెప్పుకున్నదే మాంసం గురించి. 1865లో షికాగోలో పశువుల యార్డులు తెరిచారు. 1870ల చివర గస్టావస్ స్విఫ్ట్ మంచు పెట్టెల రైలు బళ్ళు నడిపించాడు. పశువుని బతికుండగా తూర్పుకి పంపితే సగం బరువు ఎముకా తోలూ పేగులే, దానికీ రైలు ఛార్జీ కట్టాలి. కోసి పంపితే తినేదానికి మాత్రమే కడతారు. మాంసం చవకైంది.

కానీ కూలి డబ్బుల్లో తిండి వాటా మాత్రం తగ్గలేదు. 1875లో మసాచుసెట్స్ కార్మిక గణాంక శాఖ 397 పనివాళ్ళ కుటుంబాల లెక్కలు తీసింది. ఖర్చులో సగానికి పైగా తిండికే పోయింది. ఒక్క నెల పని పోతే ముందు కోత పడేది పళ్ళెంలోనే.

నన్ను బాగా పట్టుకున్న విషయం దీని తర్వాత జరిగింది. చదువుకున్నవాళ్ళు ఈ లెక్కలు చూసి, పేదవాళ్ళకి జీతం కాదు, తిండి ఎంచుకునే తెలివి చాలడం లేదని నిర్ణయించారు. కనెటికట్‌లో విల్బర్ ఆట్‌వాటర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కేలరీల లెక్క కట్టాడు. ఒక మాదిరి శ్రమ చేసే మగవాడికి రోజుకి 3,500 కేలరీలు, 125 గ్రాముల ప్రోటీన్ కావాలన్నాడు. చవక ముక్కలోనూ ఖరీదైన ముక్కలోనూ పోషణ ఒకటే కదా, కూలివాడు మంచి స్టేక్ ఎందుకు కొంటున్నాడని ఆయన బాధ. అప్పటికి విటమిన్ల సంగతి ఎవరికీ తెలియదు. అందుకని కూరగాయలూ పళ్ళూ నీళ్ళకి డబ్బు పోయడమే అని తేల్చారు. ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు ఆకుకూరలకీ జున్నుకీ ఖర్చుపెట్టడం దుబారా అన్నారు. ఇప్పుడు అదే తిండిని డాక్టర్లు రాసి ఇస్తున్నారు!

మా ఊళ్ళో 1890 జనవరిలో ఎలెన్ రిచర్డ్స్, మేరీ హిన్‌మన్ ఏబెల్ కలిసి న్యూ ఇంగ్లండ్ కిచెన్ తెరిచారు. రిచర్డ్స్ సామాన్యురాలు కాదు, ఎమ్ఐటీలో చదివిన మొదటి స్త్రీ. ఆవిడ మీద నాకు గౌరవం ఉంది. శుభ్రంగా, కొలతల ప్రకారం, చవకగా వండి పేదలకి అమ్మాలన్నది ఉద్దేశం. గొడ్డుమాంసం చారు, బఠాణీ సూపు, మొక్కజొన్న జావ, ఇండియన్ పుడ్డింగ్ (మన దేశానిది కాదు, మొక్కజొన్న పిండీ బెల్లపు పాకంలాంటి మొలాసిస్‌తో చేసేది). ఐరిష్, ఇటాలియన్, యూదు ఇళ్ళవాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు. ఒకాయన ఆ పుడ్డింగు చూపించి, అది తినిపించి నన్ను యాంకీని (న్యూ ఇంగ్లండు వాణ్ణి) చెయ్యలేరు అన్నాడట. ఇంకొకావిడ, నాకు మంచిదేదో అది కాదు, నాకు తినాలనిపించింది తింటాను అందట. ఆ మాటలు రాసిపెట్టుకున్నది ఆ సంస్కర్తలే. వాళ్ళకి అవి మొండితనంగా కనిపించాయి. నాకు మాత్రం ఆ రెండు మాటల్లో ఒక మనిషి వెన్ను నిటారుగా నిలబడటం కనిపిస్తుంది. చివరికి ఆ వంటశాల నిలబడింది 1894లో బోస్టన్ హైస్కూళ్ళకి మధ్యాహ్న భోజనం పంపడం మొదలుపెట్టాకే.

---

కర్నూలు_కొర్ర

వెన్నెలక్కా, పేదవాని కడుపుకు కొలత కట్టేది అక్కడొక్కచోటే కాదు. 1876–78 కరువులో మా కర్నూలు, కడప, బళ్ళారి ఎండిపోయినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనికి వచ్చే మగోనికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అది ప్రాణం నిలబెట్టదని, కనీసం ఒకటిన్నర పౌను కావాలని కొట్లాడినాడు. అమెరికాలో లెక్క ఎక్కువ తినమన్నది, ఇక్కడ లెక్క చంపేసింది. రెంటినీ ఒకటి చెయ్యను. కానీ మనిషి ఆకలి ఎంతో ఆ మనిషిని అడగకుండా పైనుంచి చెప్పే అలవాటు ఆ ఇరవై ఏళ్ళలో లోకమంతా పాకినట్టుంది.

---

నిర్వాహకులు

మంచి చర్చ జరుగుతోంది. మన కరువు మీద విడిగా ఒక చర్చ ఉంది, ఆ విషయం అక్కడ కొనసాగించండి. ఇక్కడ అమెరికా సంగతులే.

---

పత్తిచేను (వరంగల్)

అందరూ న్యూయార్కు, బోస్టన్ అంటున్నరు. దక్షిణాది గురించి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్న.

బానిసత్వం పోయినంక నల్లవాళ్ళు, బీద తెల్లవాళ్ళు కౌలుకు, పాలుకు పత్తి పండించిన్రు. దుకాణదారు పంట తాకట్టు పెట్టుకొని ఏడాదికి సరిపడ సామాన్లు అప్పుకిస్తడు. నగదు ధర ఒకటి, అప్పు ధర ఇంకొకటి. ఆ దుకాణంల దొరికేది మూడే: ఉప్పేసిన పంది కొవ్వు, మొక్కజొన్న పిండి, మొలాసిస్. అప్పిచ్చినోడు పత్తే వెయ్యమంటడు, గుమ్మం దాక పత్తే. కూరగాయల పాదులకు జాగ ఉండదు. 1895–96ల ఆట్‌వాటర్ మనుషులు అలబామాలో టస్కీగీ చుట్టుపక్కల నల్లవాళ్ళ ఇండ్లల్ల తిండి తూకం వేసిన్రు, ప్రతి ఇంట్ల ఇవే కనబడ్డయి. ఇట్ల తిన్న ఊర్లల్లనే 20వ శతాబ్దం మొదట్ల పెలాగ్రా రోగం పడగ విప్పింది. చర్మం పగిలి, మతి తప్పి చచ్చిపోయిన్రు.

మా నాయిన దగ్గర దుకాణపు పద్దు పుస్తకం ఉండేది. విత్తనాలు, మందు, ఇంట్ల సరుకులు అన్నీ ఒకే పద్దు. పంట తూకం అయిన రోజు దాని ముందట నిలబడే మనిషి మొహం నాకు తెలుసు. అలబామా కాగితాలు చదివితే ఆ మొహమే కనబడ్డది.

---

ఉమ_ఓక్లాండ్

నేను పడమటి తీరం నుంచి రాస్తున్నాను. అన్నం తినే మనకి దీంట్లో నేరుగా తగిలే విషయం ఒకటుంది.

1879లో మెయిన్ రాష్ట్ర సెనేటర్ జేమ్స్ బ్లెయిన్ చైనా వలసలు ఆపాలని సెనేట్‌లో మాట్లాడాడు. గొడ్డుమాంసం, రొట్టె కావలసిన మనిషిని అన్నంతో బతకగల మనిషి పక్కన పనికి పెట్టలేరన్నాడు. అలా పెడితే అన్నం తినేవాడు మాంసం స్థాయికి రాడు, మాంసం తినేవాడే అన్నం స్థాయికి దిగిపోతాడన్నది ఆయన వాదం. 1882లో చైనీయుల నిషేధ చట్టం వచ్చింది. దాన్ని పొడిగించాలని శామ్యూల్ గోంపర్స్ నాయకత్వంలోని కార్మిక సమాఖ్య 1900 తర్వాత వేసిన కరపత్రం పేరే మాంసానికీ బియ్యానికీ పోటీ పెట్టింది. బోస్టన్ సంస్కర్తలు ఖరీదైన ముక్క ఎందుకు కొంటున్నావని ఏ కార్మికుణ్ణి అడిగారో, ఆ కార్మికుడి సంఘమే తన స్టేక్‌ని అడ్డుపెట్టి ఇంకో కార్మికుణ్ణి బయటికి తోసింది. ఇది రాస్తుంటే నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే గోంపర్స్ వాళ్ళు పోరాడిన పనిగంటల కోసం నాకు కృతజ్ఞత ఉంది.

నిజానికి ఆ చైనీయులు ఏం తిన్నారు? 1860లలో సెంట్రల్ పసిఫిక్ రైలు దారి వేసిన వాళ్ళు సొంత ఖర్చుతో సొంత వంటవాణ్ణి పెట్టుకుని అన్నం, ఎండు చేపలు, ఎండు ఆయిస్టర్లు, కూరగాయలు, పంది, కోడి తిన్నారు. మరిగించిన టీ తాగారు. పక్క బిడారంలో తెల్లవాళ్ళకి ఉడికించిన గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, తాగడానికి వాగు నీళ్ళు. కడుపు జబ్బులు చైనీయులకే తక్కువ. కాలిఫోర్నియా ఊళ్ళకి కూరగాయలు పండించి తట్టలతో ఇంటింటికీ తెచ్చి అమ్మిందీ వాళ్ళే. "అన్నం తినేవాడు" అన్న మాటలో ఇవేవీ లేవు.

నేను ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత సగమే తీసి తినేదాన్ని. బ్లెయిన్ మాటలు చదివిన రోజు నుంచి మూత పూర్తిగా తీసి బల్ల మీద పెడుతున్నాను.

---

చీరాల_చిన్నోడు

ఉమక్కా, ఈ సంగతి నాకు అసలు తెలియదు. థాంక్స్.

---

వంటింటి_వసంత

పాల గురించి ఎవరూ రాయలేదు. పసిపిల్లల ప్రాణం తిండి తేడాకి ముందు బలయ్యేది. న్యూయార్కులో సారా బట్టీల చెత్తనీళ్ళు తాగించిన ఆవుల పాలు అమ్మేవారు, 1858లో ఒక వారపత్రిక బయటపెట్టాక పెద్ద గొడవైంది. బట్టీ ఆవులు తగ్గినా పేద వాడలకి మంచి పాలు రాలేదు. డబ్బున్నవాళ్ళకి పల్లె నుంచి తెలిసిన పాడి పాలు వచ్చేవి. 1893లో, మళ్ళీ బ్యాంకులు కూలిన ఏడాది, నేథన్ స్ట్రాస్ అనే వ్యాపారి సొంత డబ్బుతో కాచిన పాల కేంద్రాలు తెరిచాడు. ఈ మొత్తం కాలంలో పేదల వంటింటికి బయటనుంచి వచ్చిన సాయాల్లో నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టేది దీనికే. ఆయన ఏం తినాలో చెప్పలేదు. వాళ్ళు ఎలాగూ కొనే పాలనే శుభ్రంగా ఇచ్చాడు.

---

గోదారిగట్టు

నిన్న రాత్రి భోజనాలయ్యాక మీరందరూ రాసింది అమ్మకి మొత్తం చదివాను. పద్దు పుస్తకం దగ్గర నాన్న ఆపమని మళ్ళీ చదివించుకున్నారు. అమ్మ అంతా విని ఒకటే అడిగింది: "ఆ మూడు గదుల ఇంట్లో మొగుడికీ పిల్లలకీ అద్దెకున్న కుర్రాళ్ళకీ పెట్టాక ఆవిడ ఏం తినేదో ఎవరైనా రాశారా?"

---

వెన్నెల_బోస్టన్

అమ్మగారి ప్రశ్న చూసి ఆట్‌వాటర్ వాళ్ళ పట్టికలు మళ్ళీ తీశాను. వాళ్ళు వారాల తరబడి ఒక్కో ఇంట్లోకి వచ్చిన తిండంతా తూచారు, పారేసింది కూడా తూచారు. తర్వాత ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి భాగించారు. మగవాణ్ణి 1గా తీసుకుంటే ఆడమనిషి 0.8, పిల్లలు వయసుని బట్టి ఇంకా తక్కువ. అంటే ఆవిడ వంతు అన్నది లెక్కలో భాగించి వచ్చిన అంకె. బల్ల దగ్గర నిజంగా ఎవరి పళ్ళెంలో ఎంత పడిందో విడివిడిగా తూచలేదు.

---

గోదారిగట్టు

0.8 అని చెప్పాను. అమ్మ మళ్ళీ మ్యూజియంకి తీసుకెళ్ళమంటోంది. ఈసారి వంటింటి గదిలో వివరించే అమ్మాయిని తనే అడుగుతుందట, నేను ఇంగ్లీషులో చెప్పాలి. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఏం చెప్పారో వచ్చి ఇక్కడే రాస్తాను.